మహమ్మారి రోజుల్లో బడి: మూడో నెలలోనూ నిలిచే నియమాలు

మహమ్మారి మొదలైన రెండు వారాలు ఏ బడిలోనూ జాగ్రత్తలకి లోటుండదు. భయమే అన్నీ చేయిస్తుంది. చేతులు కడుక్కోమని ఎవరికీ చెప్పక్కర్లేదు, మాస్కు కిందికి జారితే పక్కవాళ్లే కసురుతారు. అసలు కష్టం మూడో నెలలో మొదలవుతుంది. అప్పటికి భయం అరిగిపోయి విసుగు చేరుతుంది. సబ్బు అయిపోయిన సంగతి ఎవరూ చెప్పరు, కిటికీలు ఎప్పుడు మూతపడ్డాయో ఎవరూ చూడరు.

కోవిడ్ కాలమంతా నేనొక హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నాను. ఏ నియమం పెట్టాలన్నా నన్ను నేను వేసుకున్న ప్రశ్న ఒకటే: అలసిపోయిన టీచరు, విసిగిపోయిన పిల్లాడు, వంద పనుల్లో ఉన్న తల్లి, వీళ్లు ముగ్గురూ మూడో నెలలో కూడా దీన్ని పాటించగలరా? పాటించలేరనిపిస్తే అది ఎంత గొప్ప నియమమైనా పక్కన పెట్టేశాను. అలా మిగిలిన వాటినే ఇక్కడ రాస్తున్నాను. ఇంకో మహమ్మారి రాదని ఎవరూ రాసివ్వలేరు కదా.

ముందు తెలుసుకోవాల్సిన రెండు సంగతులు

అన్ని మహమ్మారులూ ఒకే దారిన రావు. పోలియో ముఖ్యంగా మలం అంటిన చేతులు, కలుషితమైన నీళ్ల ద్వారా పాకేది. కోవిడ్ ఊపిరితో, మాటతో గాలిలోకి వచ్చే తుంపరల ద్వారా పాకింది. ప్రమాదం ఎవరికన్నదీ మారుతుంది. 1918 ఫ్లూ నిండు యవ్వనంలో ఉన్నవాళ్లని కూడా పెద్ద సంఖ్యలో పొట్టన పెట్టుకుంది, కోవిడ్‌లో వయసు మళ్లినవాళ్లు ఎక్కువగా పోయారు. కాబట్టి మొదటి స్టాఫ్ మీటింగులో రెండే ప్రశ్నలు తేల్చుకోండి. ఇది దేని ద్వారా అంటుతోంది? మన ప్రాంగణంలో దీనివల్ల ఎక్కువ ముప్పు ఎవరికి? రెండో ప్రశ్నకి చాలాసార్లు జవాబు పిల్లలు కారు. షుగరున్న లెక్కల మాస్టారు, వయసు పైబడిన వాచ్‌మన్, ఇంట్లో పిల్లల్ని చూసుకునే అమ్మమ్మలు, తాతయ్యలు. నియమాలు వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాయాలి.

2020లో చాలా బడులు డబ్బూ ఓపికా బల్లలు తుడవడానికే ధారపోశాయి. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తేల్చింది ఏమంటే, వైరస్ ఉన్న చోటుని ఒకసారి తాకితే జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువ. ఇలా సమాచారం మారినప్పుడు మీ నియమమూ మార్చండి, మొహమాటపడకండి. కాకపోతే ఎందుకు మార్చారో ఆ రోజే చెప్పండి. "నిన్న అలా అన్నారు, ఇవాళ ఇలా అంటున్నారు" అనే మాట బయల్దేరిందంటే తర్వాత మీరేం చెప్పినా చెవిన పెట్టేవాళ్లుండరు.

బడి మూయాలా వద్దా అన్నదానికీ అన్ని చోట్లకీ సరిపోయే జవాబు లేదు. 1918లో చాలా నగరాలు బడులు మూసేస్తే న్యూయార్క్, షికాగో తెరిచే ఉంచాయి. న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ వాదన ఇదీ: పిల్లల్లో చాలామంది కిక్కిరిసిన ఇరుకు ఇళ్లలో ఉంటారు, వాటికన్నా గాలీ వెలుతురూ ఉన్న బడే నయం, పైగా ఇక్కడ రోజూ ఎవరో ఒకరు పిల్లల ఆరోగ్యం చూస్తారు. ఆ గాలి, ఆ చూసే మనిషి లేని బడి న్యూయార్క్ పేరు చెప్పుకుని తెరిచి కూర్చోవడం కుదరదు. ఎటూ మూసే అధికారం మామూలుగా మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్నదల్లా మూస్తే ఏం చేస్తామో ఒక కాగితం, తెరిస్తే ఏం చేస్తామో ఒక కాగితం ముందే రాసిపెట్టుకోవడం.

ఆ కాగితాల్లో పెద్ద పెద్ద మాటలు వద్దు. ఒక తరగతిలో ఎన్ని కేసులొస్తే ఆ తరగతిని ఇంటికి పంపాలి (ఆరోగ్యశాఖ చెప్పిన సంఖ్యే రాయండి, సొంత లెక్కలు వేయకండి), తల్లిదండ్రులకి ఫోన్లు ఎవరు చేస్తారు, హెడ్‌మాస్టరుకే జ్వరం వస్తే తాళాలు ఎవరి దగ్గరుంటాయి, జీతాల బిల్లు మీద ఎవరు సంతకం పెడతారు. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాయండి. ఆ ఇద్దరూ ఒకే గదిలో కూర్చునేవాళ్లు కాకుండా చూసుకోండి.

కిటికీలకి క్రమశిక్షణ అక్కర్లేదు

గాలి ద్వారా అంటుకునే జబ్బయితే అన్నిటికన్నా ముందు గాలి సంగతి చూడండి. మాస్కుని ముప్ఫై ముక్కుల మీద రోజంతా నిలబెట్టాలి, గంటకోసారి గుర్తుచేయాలి. కిటికీ పొద్దున ఒకసారి తెరిచి కొక్కెం వేస్తే సాయంత్రం దాకా దాని పని అది చేసుకుపోతుంది. మూడో నెలలో నిలిచేది ఏది అంటే నేను మొదట దీని పేరే చెబుతాను.

మేం గది గదికీ తిరిగి కిటికీలు చూసినప్పుడు సగానికి సగం తెరుచుకునేవి కావు. రంగులేసినప్పుడు అతుక్కుపోయినవి కొన్ని, బీరువా అడ్డం పెట్టినవి కొన్ని, గడియ విరిగితే తాడుతో కట్టేసినవి కొన్ని. వడ్రంగిని పిలిపించి బాగుచేయించాం. తర్వాత టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పు చీలికలుగా కత్తిరించి ప్రతి కిటికీ పై చట్రానికీ అంటించాం. చీలిక లోపలికి ఎగిరితే గాలి వస్తున్నట్టు, బయటికి ఎగిరితే పోతున్నట్టు. కదలకుండా వేలాడుతుంటే ఆ కిటికీ తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఎనిమిదో తరగతి గదిలో నాలుగు కిటికీలూ బార్లా తెరిచినా ఒక్క కాగితమూ కదల్లేదు. చూస్తే నాలుగూ ఒకే గోడకి ఉన్నాయి. ఎదురుగా ఉన్న తలుపు తీసి, మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టామో లేదో, నాలుగు కాగితాలూ ఒక్కసారిగా లోపలికి లేచాయి. మర్నాటి నుంచి ఆ ఇటుక పెట్టే పని కోసం వెనక బెంచీల్లో పోటీ మొదలైంది.

సీలింగ్ ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. కిటికీలు తెరిచి ఉంటే తిరగనివ్వండి, మూసిన గదిలో మాత్రం దాన్ని నమ్ముకోకండి. గాలాడని గది అయితే ఒక టేబుల్ ఫ్యాన్‌ని కిటికీలో బయటివైపు తిప్పి పెట్టండి. లోపలి గాలిని అది బయటికి తోసేస్తుంటే తలుపులోంచి కొత్త గాలి వస్తుంది.

చేతిలో కాస్త డబ్బుంటే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొనండి. గదికొకటి అక్కర్లేదు, తిప్పుకుంటూ చూడొచ్చు. పరారుణ కాంతితో కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సరున్నది తీసుకోండి, మరీ చవకరకాల్లో కొన్ని అసలు ఆ వాయువుని కొలవకుండానే ఏదో అంకె చూపిస్తాయి. బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) దగ్గర ఉంటుంది. పిల్లలు నిండిన గదిలో 800 లోపు ఉంటే బాగున్నట్టే. 1500 దాటితే పాఠం ఆపి, అందరినీ కాసేపు బయటికి పంపి గదికి గాలి తగలనివ్వాల్సిందే. మీటరు వైరస్‌ని కొలవదు. ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు ఎంత పీలుస్తున్నారన్నది మాత్రం చెబుతుంది, మనకి కావాల్సిందీ అదే. మీటరుని తొమ్మిది, పది తరగతుల పిల్లల చేతికే ఇచ్చి రోజుకి మూడుసార్లు రాయమనండి. అంకె పెరుగుతుంటే టీచరుకి మొహమాటం లేకుండా చెప్పేది వాళ్లే.

కిటికీలే సరిగా లేని గదికి వడపోత ఉంది. సన్నటి కణాల్ని కూడా పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్లు నాలుగింటిని చతురస్రంగా నిలబెట్టి, అడుగున అట్ట, పైన పెట్టె ఫ్యాను పెట్టి, అంచులు గాలి పోకుండా టేపుతో బిగిస్తే కోర్సీ-రోసెంథాల్ పెట్టె తయారవుతుంది. 2020లో పుట్టిన ఉపాయం ఇది. పెద్ద పిల్లలు ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు. దానివల్ల గాలిలోని తుంపరలు తగ్గుతాయి గానీ కార్బన్ డయాక్సైడ్ తగ్గదు. కాబట్టి ఆ గదిలో మీటరు చూసి కంగారుపడకండి.

ఆరుబయట పాఠమంటే కొందరికి చిన్నతనం. క్షయ రాజ్యమేలుతున్న రోజుల్లో, 1904లో, బెర్లిన్ పక్కనున్న షార్లొటెన్‌బర్గ్‌లో అడవిలోనే బడి తెరిచారు. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో చలికాలంలో కిటికీలన్నీ తీసి, పిల్లలకి దుప్పట్లు కప్పి చదువు చెప్పారు. అన్ని పాఠాలూ బయట చెప్పనక్కర్లేదు. నోరు పెద్దగా విప్పేవీ మాస్కు తీసేవీ బయటికి తీసుకెళ్లండి: పాటలు, పద్యాలు, గట్టిగా చదవడం, ఆటలు, అన్నిటికన్నా ముఖ్యంగా భోజనం.

మాస్కులు, చేతులు, బ్లీచు

మాస్కుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020లో చెప్పిన మాట ఇప్పటికీ మంచి ప్రాతిపదికే: అయిదేళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకి తప్పనిసరి చేయొద్దు. 6 నుంచి 11 ఏళ్ల వాళ్లకి పరిస్థితిని బట్టి, 12 దాటినవాళ్లకి పెద్దవాళ్లతో సమానంగా. తడిసిన మాస్కు మార్చాలి కాబట్టి అదనపు మాస్కుల డబ్బాని ఎవరినీ అడక్కుండా తీసుకునే చోట పెట్టండి. ఆఫీసుకెళ్లి అడగాలంటే సగంమంది తడి మాస్కుతోనే కూర్చుంటారు. వినికిడి తక్కువై, పెదాల కదలిక చూసి మాట పట్టుకునే పిల్లలుంటే ఆ తరగతి టీచరుకి నోటి దగ్గర పారదర్శకంగా ఉండే మాస్కు ఇప్పించండి.

చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు. శానిటైజరైతే 60 శాతానికి తగ్గకుండా ఆల్కహాలు ఉండాలి. సబ్బు ఎవరు నింపాలో, ఏ వేళకి నింపాలో పంపు దగ్గరే పేరుతో రాసిపెట్టండి. తుడవడానికి 5 శాతం బ్లీచు ద్రావణం 20 మిల్లీలీటర్లు తీసుకుని నీళ్లు కలిపి లీటరు చేయండి, సరిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. ముందు సబ్బునీళ్లతో మురికి వదిలించి, తర్వాత ఇది పట్టించి నిమిషం పాటు తడిగా ఉంచాలి. బాత్రూం కడిగే యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న ద్రావణంతో గానీ దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. గేటు దగ్గర మనుషుల మీద మందునీళ్లు చల్లించే సొరంగాలు పెడతామని ఎవరైనా వస్తే మర్యాదగా వెనక్కి పంపేయండి. దానివల్ల కళ్లూ చర్మమూ మండటం తప్ప ఒరిగేదేమీ లేదు.

వంద శాతం హాజరు బహుమతి ఎత్తేయండి

పైసా ఖర్చు లేకుండా మాకు బాగా పనికొచ్చిన నిర్ణయం ఇదే. జ్వరంతో వచ్చిన పిల్లాడికి వార్షికోత్సవంలో కప్పు ఇచ్చే ఆనవాయితీ మామూలు రోజుల్లోనే సరైంది కాదు, మహమ్మారిలో అయితే జబ్బుని మనమే చేయిపట్టి పిలిచినట్టు. హాజరు శాతాన్ని పరీక్షకి, ఉపకార వేతనానికి, ఇంకే దానికైనా ముడిపెట్టి ఉంటే ఆ ముడి విప్పించడానికి పై అధికారులకి రాయండి. సిబ్బందికీ ఇదే న్యాయం. జ్వరమని ఫోన్ చేసిన టీచర్ని "నిజంగానా?" అని అడిగారంటే, ఇంకోసారి ఆవిడ మాత్ర మింగి వచ్చేస్తుంది.

మాత్రంటే గుర్తొచ్చింది. ఒక తల్లి గేటు దగ్గర పాపని దించుతూ నిజాయితీగానే చెప్పింది.

"రాత్రి ఒళ్లు కాలిందండీ. పొద్దున మాత్ర వేశాను, తగ్గిపోయింది."

"ఇంట్లో ఉంచితే బాగుండేదమ్మా."

"నేను పనికి వెళ్లకపోతే ఎలా మేడమ్? ఇంట్లో ఎవరూ లేరు. పైగా ఇవాళ టెస్టుందట."

ఇలాంటి తల్లి మీద కేకలేసి లాభం లేదు. ఆమె చెప్పిన రెండు కారణాల్లో ఒకటి మన చేతిలోనే ఉంది. జబ్బుగా ఉన్నప్పుడు తప్పిన టెస్టు వచ్చాక రాయొచ్చని ముందే అందరికీ చెప్పేశాం. రెండోదానికి, ఒకే వీధిలో ఉండే తల్లుల్ని ఒకరికొకరు పరిచయం చేశాం. జబ్బుపడ్డ పిల్లల్ని పక్కింట్లో పెట్టమని కాదు, బాగున్న తోబుట్టువుల్ని కాసేపు చూసుకోవడానికో, మందులు తెచ్చివ్వడానికో ఒక మనిషి ఉంటే తల్లి ఒకరోజు ఇంట్లో నిలబడగలదు. తిరిగి రావడానికి నియమం ఒక్క వాక్యంలో ఉండాలి: జ్వరం తగ్గించే మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడవాలి. ఆ జబ్బుకి విడిగా ఉండాల్సిన రోజుల్ని ఆరోగ్యశాఖ చెబితే అదీ కలుపుకోవాలి.

బడిలో ఉండగా ఒంట్లో బాగోకపోతే కూర్చోబెట్టే గదికి కిటికీ, పక్కనే బాత్రూం ఉండాలి. ఆ గదిలో రెండు కథల పుస్తకాలు, మంచినీళ్లు, దుప్పటి పెట్టండి. అక్కడికి పంపడం శిక్షలా కనబడిందంటే పిల్లలు దగ్గుని దిగమింగుతారు. ఊపిరి ఆడకపోవడం, పెదాలు నీలంగా మారడం, పిలిస్తే మగతగా పలకడం, వీటిలో ఏది కనిపించినా ఇంటికి కబురు పెట్టి ఎదురుచూడొద్దు, నేరుగా ఆసుపత్రికే. ఎవరికి జబ్బొచ్చిందో పేరు మాత్రం బయటికి పొక్కకూడదు. "మీ తరగతిలో ఒకరికి వచ్చింది" అంటే చాలు. పిల్లలు ఎలాగూ ఊహిస్తారు, మనం ఖాయం చేయకపోతే చాలు.

స్టాఫ్ రూమ్

తరగతిలో ఎంతో జాగ్రత్తగా ఉండే టీచర్లు ఇంటర్వెల్‌లో ఏం చేస్తారో చూడండి. చిన్న గది, మూసిన తలుపు, మాస్కులు గడ్డం కింద, టీ కప్పులు, కబుర్లు. మేం టీ బల్లని వరండాలోకి మార్చాం. మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు. కబుర్లు ఆపమని ఎవరినీ అనలేదు. కష్టకాలంలో టీచర్లని నిలబెట్టేది సగం ఆ కబుర్లే.

ఊడ్చేవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు, వాచ్‌మన్ కూడా స్టాఫే. మాస్కులైనా సమాచారమైనా ముందు వాళ్లకి చేరాలి. బయటివాళ్లు మొదట అడిగేది వాచ్‌మన్నే, ఆయనకి తెలియకపోతే ఆయన ఊహే వీధంతా పాకుతుంది.

ఒకే కాగితం, ఒకే వేళ

తల్లిదండ్రుల్ని భయపెట్టేది చెడ్డ వార్త కన్నా, వార్త ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. రోజుకి పది మెసేజ్‌లు పెట్టకండి. వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసి, నాలుగు ముక్కలు రాయండి: ఇప్పుడు మనకి తెలిసింది ఏమిటి, ఇంకా తెలియనిది ఏమిటి, ఈ వారం మారింది ఏమిటి, మళ్లీ ఎప్పుడు రాస్తాం. మారిందేమీ లేకపోయినా ఆ వేళకి "ఏమీ మారలేదు" అని పంపండి. రెండో ముక్క రాయడానికి చాలామంది హెడ్‌మాస్టర్లు వెనకాడతారు. అది రాసిన బడి మాటకే నాలుగు రోజులు ఎక్కువ విలువుంటుంది. చదవడం రాని ఇళ్లకి అదే కాగితాన్ని గొంతుతో చదివి వాయిస్ మెసేజ్‌గా పంపండి. టీకాల గురించి అడిగితే వాదనకి దిగకుండా, బడిలో ఒక సాయంత్రం డాక్టర్నో నర్సునో కూర్చోబెట్టి అడిగినవాటికి జవాబులు చెప్పించండి.

బడి మూతపడితే

1937లో షికాగోలో పోలియో భయంతో బడులు తెరవడం వాయిదా పడినప్పుడు రేడియోలో పావుగంట పాఠాలు చెప్పారు. ఏ వేళకి ఏ పాఠమో పత్రికలు అచ్చేసేవి, సందేహాలు తీర్చడానికి టీచర్లు ఫోన్ల దగ్గర కూర్చునేవారు. పరికరాలు మారాయి గానీ సూత్రం మారలేదు: చిన్న పాఠం, ముందే తెలిసిన వేళ, అవతల మాట్లాడటానికి ఒక మనిషి.

ఆ మూడోది లేకపోతే మిగతా రెండూ పెద్దగా పనిచేయవు. 2020లో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో వేల కుటుంబాలతో ఒక అధ్యయనం చేశారు. లెక్కల మెసేజ్‌లు మాత్రమే పంపిన ఇళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మెసేజ్‌తో పాటు వారానికోసారి పావుగంట, ఇరవై నిమిషాలు ఫోన్ చేసి మాట్లాడిన ఇళ్లలో పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి. మామూలు ఫోన్లే, వీడియోలు కూడా కావు.

అందుకని పిల్లల్ని టీచర్లకి పంచేయండి. క్లాస్ టీచరొక్కరికే అందరినీ అంటగట్టొద్దు. డ్రాయింగ్ మాస్టారు, పీఈటీ, లైబ్రేరియన్ కూడా తలా కొందర్ని తీసుకోవాలి. ఫోన్ చేయగానే పాఠం అడగొద్దు. మా తెలుగు టీచరు ఒక ఏడో తరగతి పిల్లాడికి చేసిన ఫోన్ నా ఎదురుగానే జరిగింది.

"ఎలా ఉన్నావురా?"

"బాగున్నానండి."

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదండి."

ఆవిడ తొందరపడలేదు. ఇంట్లో ఎవరెవరున్నారు, పొద్దున ఎన్నింటికి లేచావు, అని నెమ్మదిగా అడుగుతూ పోయింది. చివరికి అసలు మాట బయటపడింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది నాన్నతో పాటు పనికి వెళ్లి రాత్రికి గానీ రాదు. అంటే అన్నాళ్లూ మేం పొద్దున పంపుతున్న పాఠాలు వాడి నాన్న జేబులో తిరుగుతున్నాయి. ఆ వారమే ప్రతి పేరు పక్కనా "ఫోన్ ఇంట్లో ఉండే వేళ" అని ఒక గడి చేర్చాం. ఫోనే లేని ఇళ్లకి వర్క్‌షీట్ల సంచీ వెళ్లింది. వారానికోసారి పాతది తెచ్చి కొత్తది పట్టుకెళ్లాలి. దిద్దకుండా మాత్రం సంచీ తిరిగి పంపకూడదు. ఎర్ర సిరా చూడని పిల్లాడు రెండో వారం నుంచి రాయడు. మార్కులు వద్దు, "ఈ మూడో లెక్క నువ్వు చేసిన పద్ధతి నాకు నచ్చింది" అని ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఉత్సాహం గురించి

స్ఫూర్తి ప్రసంగాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తనకంటూ ఒక పని ఉండి, అది చేయకపోతే ఎవరో ఒకరు గమనిస్తారని తెలిసిన పిల్లాడు రోజూ లేచి తయారవుతాడు. తెరిచిన రోజుల్లో కిటికీ లీడరు, సబ్బు లీడరు, మీటరు రాసేవాళ్లు. మూసిన రోజుల్లో చిన్న తరగతి పిల్లలకి ఫోన్లో కథ చదివి వినిపించే అక్కలు, అన్నలు. ఇంట్లో పెద్దవాళ్లని ప్రశ్నలడిగి వాళ్ల చిన్ననాటి బడి కబుర్లు రాసుకొచ్చే పని అన్నిటికన్నా బాగా పండింది. అది చేయడానికి నెట్టు అక్కర్లేదు. పనులు నెలకోసారి మార్చండి, లేకపోతే ఎప్పుడూ చేతులెత్తే ఆ నలుగురైదుగురే మిగులుతారు.

సిలబస్‌ని కోయండి. సబ్జెక్టు టీచర్లు కూర్చుని, ఇది రాకపోతే పైతరగతిలో కూలబడతారు అనే అధ్యాయాలు ముందు, మిగతావి తర్వాత అని రెండు కుప్పలు చేయాలి. మొదటి కుప్ప పూర్తయిందంటే టీచరుకీ ధైర్యం వస్తుంది.

టీచర్ల విషయంలో ఒకే ఒక నియమం గట్టిగా పట్టుకున్నాను: సాయంత్రం ఏడు దాటితే బడి నుంచి ఏ మెసేజూ వెళ్లకూడదు, నా నుంచి కూడా.

చావు కబురు వస్తే

పెద్ద బడిలో ఇది తప్పకపోవచ్చు. ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది కబురు రాకముందే అనుకుని ఉండండి. తరగతికి బాగా తెలిసిన టీచరే చెప్పాలి, మైకులో కాదు. చిన్నపిల్లలకి "నిద్రపోయారు", "దూరంగా వెళ్లారు" అని చెబితే పడుకోవడానికీ, అమ్మ ఊరెళ్లడానికీ భయపడతారు. చనిపోయారనే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతిలో మూడు మెట్లున్నాయి: గమనించు, విను, సాయం అందే చోటికి చేర్చు. టీచరు కౌన్సెలర్ అవ్వాల్సిన పని లేదు, ఈ మూడూ చేస్తే చాలు.

తండ్రినో తల్లినో పోగొట్టుకున్న పిల్ల తిరిగొచ్చే ముందు రోజు ఫోన్ చేసి ఆ పిల్లనే అడగండి: అందరికీ ముందే చెప్పమంటావా? ఎవరి పక్కన కూర్చుంటావు? మధ్యలో బయటికి వెళ్లాలనిపిస్తే ఎవరికి సైగ చేస్తావు? మేం అడిగినప్పుడు ఒకమ్మాయి మొదటి రెండింటికీ జవాబు చెప్పి, "హోంవర్కు మాత్రం నాకు తగ్గించకండి మేడమ్" అంది. తగ్గించలేదు.

తిరిగి తెరిచాక

మొదటి వారం పరీక్షలు పెట్టొద్దు. దాని బదులు ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని నిమిషం పాటు చదివించుకుని వినండి, రెండు లెక్కలు చేయించండి. పేపరు పరీక్షలో కనబడని గుంటలు ఇక్కడ కనబడతాయి. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో చిన్న కథైనా చదివి అర్థం చేసుకోలేని పదేళ్ల పిల్లలు కోవిడ్‌కి ముందు 57 శాతం ఉంటే, 2022 నాటికి 70 శాతానికి చేరి ఉంటారని ప్రపంచ బ్యాంకు, మరికొన్ని సంస్థలు కలిసి అంచనా కట్టాయి. కాబట్టి రోజుకి ఒక గంట తరగతి గోడలు మరిచిపోయి, ఎవరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి చెప్పండి. ఏడో తరగతి పిల్లాడు అయిదో తరగతి లెక్క చేస్తున్నాడని ఎవరూ నవ్వకూడదంటే అందరికీ ఒకే గంటలో పెట్టాలి, విడిగా వేరు చేయకూడదు.

ఆఖరిది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది, తిరిగి రానివాళ్ల జాబితా. బడి మూతపడ్డ నెలల్లో పెద్ద పిల్లలు పనుల్లో కుదురుకుంటారు, ఆడపిల్లలకి పెళ్లిళ్లు అయిపోతాయి. ఎబోలా తర్వాత 2015లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో బడులు తెరిచినప్పుడు గర్భవతులైన అమ్మాయిల్ని రానివ్వలేదు. ఆ నిషేధం ఎత్తేసేసరికి 2020 వచ్చింది. ఎవరు ఏ స్థితిలో తిరిగొచ్చినా గుమ్మం దగ్గర ప్రశ్నలు వేయకండి. పాత బకాయిలు, యూనిఫాం, టీసీ, అన్నీ లోపలికి వచ్చి కూర్చున్నాక చూసుకోవచ్చు.

రాని ప్రతి పిల్లాడికీ ఒక టీచరు పేరు రాయండి. ఆ టీచరు ఇంటికి వెళ్లాలి, వీలైతే ఆ పిల్లాడి స్నేహితుణ్ని వెంటబెట్టుకుని. జాబితాలోంచి పేరు కొట్టేయడానికి రెండే కారణాలు ఒప్పుకోండి: పిల్లాడు వచ్చి బెంచీ మీద కూర్చోవడం, లేదా ఇంకో బడిలో చేరాడని ఆ బడి నుంచి కాగితం రావడం. "ఊరు మారిపోయారట" అని ఎవరైనా చెబితే, ఏ ఊరో, అక్కడి ఫోన్ నంబరు ఏమిటో కనుక్కునే దాకా ఆ పేరు అలాగే ఉంచండి.